ముప్పై ఒక్క మాటలు

డండీలో మా వాటా మూడో అంతస్తు.
కిటికీలోంచి టే నది కనపడాలి.
వారంలో నాలుగు రోజులు
సముద్రం మీంచి వచ్చిన పొగమంచు
నదినీ రైలు వంతెననీ మింగేసి
మా అద్దం దాకా వచ్చి ఆగుతుంది.

అలాంటి ఒక మంగళవారం
హెల్త్ విజిటర్ ఏలీ వచ్చింది.
తడి బూట్లు గుమ్మంలోనే విప్పి
కింద కూర్చోబోయి, మోకాలు పట్టేసి, నవ్వి,
"పాప ఎన్ని మాటలంటుంది?" అని అడిగింది.
వచ్చే నెల మూడు నిండుతాయి దానికి.

పేరు వైఖరి.
నోటిదాకా వచ్చిన పలుకు అని భాస్వంత్ ఏరికోరి పెట్టాడు.
పేపర్లో ప్రభుత్వానికుండేదా అని
మా అక్క ఫోన్లో పడీ పడీ నవ్వింది.

వేళ్ళు మడిచాను.
అమ్మ, నాన్న, పాలు, బువ్వ, వద్దు,
బస్సు, బూట్లు, కింద మిసెస్ లారిమర్ పిల్లి పేరు...
ముప్పై దగ్గర నేను తడబడితే
అదే సాయం చేసింది:
"స్కిప్."
ఏలీ పెన్ను ఆగింది.
తర్వాత అదీ రాసుకుంది.
మాట మాటే కదా.

"లోడింగ్" కూడా ఉంది. నేను చెప్పలేదు.
నైట్ డ్యూటీ నుంచి వచ్చి, స్టవ్ ముందు
పాలు పొంగుతున్నా చూడకుండా నిలబడిపోతే
నా ముఖంలోకి చూసి అది అనే మాట.

చెప్పనిది ఇంకొకటుంది.
నేను ఇల్లు చేరేది ఎనిమిదింటికి,
భాస్వంత్ వ్యాన్ కదిలేది ఎనిమిదింపావుకి.
మధ్యలో పావుగంట కాపురం.
ఆ తర్వాత నేనూ, పిల్లా, ఫోనూ.
ముగ్గురిలో నిద్రపోని ఆయా అదొక్కటే.
సోఫాలో నేను ఒరిగిపోయాక
తెర నల్లబడ్డప్పుడల్లా
ఫోన్ని నా ముఖానికెదురుగా పట్టి
బుల్లి బొటనవేలితో నా రెప్ప పైకెత్తుతుంది.
తాళం తెరుచుకుంటుంది.
మళ్ళీ రెప్ప దించుతుంది, నెమ్మదిగా,
డబ్బా మూత పెట్టినట్టు.
ఎప్పుడూ ఆ చెయ్యి తొయ్యలేదు నేను.
తోస్తే లేవాలి.

ఏలీ తిట్టలేదు.
తిడితే బాగుండేది, తిరిగి ఏదైనా అనేదాన్ని.
"గిన్నెలు తోముతున్నా, బట్టలు మడుస్తున్నా
ఏం చేస్తున్నారో దానికి చెబుతూ ఉండండి,
మీ భాషలోనే" అంది.
రాత్రంతా ముసలివాళ్ళ పక్కలు మార్చి
ఉన్న మాటలన్నీ వాళ్ళ యాసలో ఖర్చుపెట్టొచ్చాక
నా దగ్గర ఏ భాషా మిగలదని
ఏ భాషలో చెప్పను?

శనివారం చార్జర్ తీగ తెగింది.
రెండోది వ్యాన్లో వెళ్ళిపోయింది.
తొమ్మిదింటికి ఫోన్ చచ్చింది.
ఏడ్చింది. సోఫాని తన్నింది.
"స్కిప్, స్కిప్" అంటూ నా చెంప మీద తట్టింది.
తర్వాత ఏమైందో, నేను జారిపోయాను.

రెప్ప లేచింది.
ఎదురుగా ఫోన్ లేదు.
బిస్కెట్ వాసన, ఆరిన చీమిడి,
ఇంత దగ్గరగా ముఖం.
తాళంకప్ప లోపల ఏముందో చూసే మనిషిలా
కంట్లోకి చూస్తోంది.
కన్ను మండి నీళ్ళూరాయి, నేను కదల్లేదు.

"పాప" అంది.
ఇంకా దగ్గరకొచ్చి
"అమ్మలో పాప."

"కంటిపాప" అన్నాను, తడారిన గొంతుతో.
నా భాషకి ఈ సంగతి ఎప్పుడో తెలుసు.
"కంతిపాప" అంది
తన బొటనవేలు నా రెప్ప మీదే ఉంచి.

ఆదివారం కొత్త చార్జర్ కొన్నాం. దాచేదేముంది.
ఫ్రిజ్ మీద ఏలీ అంటించి వెళ్ళిన కాగితంలో
ముప్పై రెండోది రాశాను,
ఇంగ్లిషులో ఏం రాయాలో తెలీక తెలుగులోనే.

సోమవారం మళ్ళీ మంచు.
వంతెన లేదు, నది లేదు, చప్పుడొక్కటే వస్తోంది.
దాన్ని చంకనేసుకుని, అద్దానికి ఆనుకుని,
"అదిగో రైలు" అన్నాను.
తెల్లటి కిటికీ వైపు చాలాసేపు చూసి
నా భుజం తట్టి, ఓపిక పట్టమన్నట్టు,
"లోడింగ్" అంది.